యుద్ధం పేరు చెప్పి లోపలేసిన మనుషుల సినిమాలు: ఏది ముందు చూడాలి, ఎవరితో చూడాలి

ఒక్క సినిమాకే టైం ఉందంటే ‘ది మారిటేనియన్’ చూడండి. రెండు చూడగలమంటే ఆ తర్వాత ‘ట్యాక్సీ టు ది డార్క్ సైడ్’, కానీ రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. అమ్మానాన్నలతో కలిసి కూర్చుని చూడాలనుకుంటే ఆ రెండూ పక్కన పెట్టి ‘ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్’ వేయండి. తొందరలో ఉన్నవాళ్ళకు ఇంత చాలు. ఎందుకు ఇలా అంటున్నానో, బాగా పేరున్న కొన్ని సినిమాలను ఎందుకు వెనక్కి పెట్టానో తెలియాలంటే మాత్రం నిదానంగా చదవండి, పొడుగ్గానే రాశాను.

తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద రెండేళ్ళుగా ఆదివారం రాత్రిళ్ళు సినిమాలు వేసుకుంటున్నాం. పదిమందిమి, ఒక్కోసారి పదిహేనుమంది. తెర అంటే మా మామ తెల్లపంచె, ఒక కొస నీళ్ళ ట్యాంకు పైపుకి, ఇంకో కొస బట్టలారేసే కమ్మీకి కడతాం. కొండ వైపు నుంచి గాలి తిరిగితే పంచె ఉబ్బి తెర మీద ముఖాలు సాగిపోతాయి, ఎవరో ఒకరు లేచి వెళ్ళి అంచు పట్టుకుని నిలబడతారు. వెనకాల దూరంగా ఘాట్ రోడ్డు దీపాలు వరసగా కనబడుతుంటాయి. ఈ ఎండాకాలం అంతా ఒకే విషయం మీద సినిమాలు చూశాం: యుద్ధం జరుగుతోందన్న కారణం చూపించి, నేరం రుజువు చేయకుండానే మనుషుల్ని పట్టుకుపోయి, ఏళ్ళకేళ్ళు లోపల పెట్టి హింసించిన కథలు.

ఈ వరస పెట్టించింది నేనే, దానికి కారణం మా మేనమామ. ఆయన ట్యాక్సీ నడిపేవాడు. ఒకరోజు రాత్రి రేణిగుంట స్టేషన్ దగ్గర నలుగురు ఎక్కారు, మామండూరు దాకా అన్నారు, బేరం కుదిరింది. దారిలో కారు ఆపారు. ఆ నలుగురూ ఎర్రచందనం కొట్టడానికి వచ్చినవాళ్ళని అనుమానం. మామకు వాళ్ళ పేర్లు కూడా తెలియవు. అయినా రెండు రాత్రులు స్టేషన్లో ఉంచి, మూడో రోజు పొద్దున పొమ్మన్నారు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు బెల్టు తీయించారట, తిరిగి ఇవ్వలేదు, అడిగే ధైర్యం ఈయనకు లేకపోయింది. ఒక చేత్తో ప్యాంటు ఎగబట్టుకుని మా సందులోకి నడుచుకుంటూ రావడం నేను గేటు దగ్గర నిలబడి చూశాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ రెండు రాత్రుల గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అందుకే ఈ సినిమాలను నేను తూచే రాయి ఒకటుంది. సినిమా చూసిన మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఎవరి ముఖం గుర్తొస్తోంది? లోపల పడ్డ మనిషిదా, కొట్టినవాడిదా, కాపాడిన లాయర్‌దా? ఫొటోగ్రఫీ, నటన, అవార్డులు అన్నీ ఆ తర్వాతే. లోపల పడ్డ మనిషికి ఒక పేరు, ఒక ఊరు, ఒక అమ్మ, నవ్వొచ్చే ఒక మాట ఇచ్చిన సినిమా నాకు పైన ఉంటుంది. హింసను మాత్రమే చూపించి, ఆ మనిషిని ఒక మూలుగు కింద వదిలేసిన సినిమా ఎంత గొప్పదైనా కింద ఉంటుంది. మీరు ఒప్పుకోకపోవచ్చు, కానీ కింద రాసిందంతా ఈ లెక్క ప్రకారమే.

ముందు ‘ది మారిటేనియన్’. 2021లో వచ్చింది, దర్శకుడు కెవిన్ మెక్‌డొనాల్డ్. మొహమెదూ ఉల్ద్ సలాహీ అనే మారిటేనియా దేశస్తుడి నిజ జీవితం. 2001 నవంబర్లో విచారణకు రమ్మంటే తన కారులో తనే వెళ్ళాడు, అంతే, ఇంటికి తిరిగి రావడానికి దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. మొదట జోర్డాన్, తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైనిక స్థావరం బాగ్రామ్, 2002 ఆగస్టు నుంచి క్యూబాలో అమెరికా నడిపే సైనిక జైలు గ్వాంటనామో. ఒక్క కేసు కూడా పెట్టలేదు. హింస జరిగింది నిజం, నిద్ర పోనివ్వకపోవడం, చలిగదులు, సముద్రంలోకి తీసుకెళ్ళి కొట్టడం, అమ్మను కూడా పట్టుకొస్తామని బెదిరించడం, ఇవన్నీ సినిమాలో ఉన్నాయి. కానీ అవి చివరి అరగంటలోనే గట్టిగా వస్తాయి, అప్పటికి మనం ఆ మనిషిని ఇష్టపడి ఉంటాం. తాహర్ రహీమ్ ఆ పాత్రలో నవ్వుతాడు, వేళాకోళం ఆడతాడు, గార్డుల దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటాడు. నిజంగానే సలాహీకి ఇంగ్లీషు నాలుగో భాష, జైల్లోనే పట్టుబడింది, ఆ భాషలోనే 2005లో 466 పేజీలు చేత్తో రాశాడు. ఆ రాత 2015లో పుస్తకంగా వచ్చేసరికి దాని మీద ప్రభుత్వం కొట్టేసిన నల్లగీతలు రెండు వేల అయిదు వందలకు పైనే.

ఇందులో లాయర్ నాన్సీ హోలాండర్‌గా జోడీ ఫాస్టర్ ఉంది, గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. అవతలి పక్షాన సైన్యం తరఫు ప్రాసిక్యూటర్ స్టూవర్ట్ కౌచ్, బెనెడిక్ట్ కంబర్‌బాచ్ వేశాడు. ఆయన స్నేహితుడు సెప్టెంబర్ 11 దాడుల్లో ఒక విమానంలో పైలట్‌గా చనిపోయాడు, అయినా సలాహీ ఒప్పుకోలు హింసించి రాబట్టిందని తెలిశాక ఈ కేసు నేను నడపనని పక్కకు తప్పుకున్నాడు. ఇది కల్పన కాదు, జరిగిందే. లాయర్లకు ఇంత చోటిచ్చినా సినిమా సలాహీ చేయి వదలదు, అది దర్శకుడి గొప్పదనం. జైల్లోకి రాకముందు కథ, హింస జరిగిన రోజులు వచ్చినప్పుడు తెర చతురస్రం లాగా ఇరుకైపోతుంది. మా పంచె మీద అది ఇంకా చిన్నదిగా కనబడింది, ప్రొజెక్టర్ పాడైందేమోనని ఒకరు లేవబోయారు కూడా.

2010లో జడ్జి విడుదల చేయమని తీర్పిచ్చాడు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. 2016 అక్టోబర్ దాకా బయటికి రాలేదు. మధ్యలో 2013లో అమ్మ చనిపోయింది. సినిమా ఆఖర్లో ఈ సంగతి రెండు ముక్కల్లో తెర మీద రాసి చూపిస్తారు, మా మిద్దె మీద అప్పటిదాకా పల్లీలు నములుతున్నవాళ్ళు కూడా ఆపేశారు.

‘ట్యాక్సీ టు ది డార్క్ సైడ్’ దీనికి పూర్తిగా వేరే రకం. డాక్యుమెంటరీ, 2007, అలెక్స్ గిబ్నీ తీశాడు, ఉత్తమ డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దిలావర్ అనే ఇరవై రెండేళ్ళ అఫ్ఘాన్ కుర్రాడు, ఖోస్త్ దగ్గర యాకుబీ అనే పల్లె. కొద్దివారాల ముందే ఇంట్లోవాళ్ళు ట్యాక్సీ తిప్పుకోమని ఒక పాత టయోటా కొనిచ్చారు. 2002 డిసెంబర్ 5న ముగ్గురు ప్యాసింజర్లను ఎక్కించుకుని వస్తుంటే స్థానిక ముఠావాళ్ళు ఆపి, అమెరికా సైనిక స్థావరం మీద రాకెట్లు వేసింది వీళ్ళేనని అప్పగించారు. బాగ్రామ్‌లో చేతులు పైకి కట్టి గొలుసులతో వేలాడదీశారు, మోకాళ్ళ పైన పదేపదే తన్నారు. డిసెంబర్ 10న చనిపోయాడు. సైన్యం మొదట సహజ మరణం అంది. న్యూయార్క్ టైమ్స్ విలేకరి కార్లోటా గాల్ ఊరు వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళితే, శవంతో పాటు ఇచ్చిన ఒక కాగితం చూపించారు. ఇంగ్లీషులో ఉంది, ఆ ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. మరణ ధృవీకరణ పత్రం అది, కారణం దగ్గర ‘హత్య’ అని గుర్తు పెట్టి ఉంది.

ఆ కాగితం దగ్గర నేను వీడియో ఆపి అందరికీ తెలుగులో చెప్పాను. ఆసుపత్రి నుంచో ఆఫీసు నుంచో ఇంగ్లీషు కాగితం పట్టుకొచ్చి, సందులో చదువుకున్న పిల్లవాడెవడైనా దొరుకుతాడా అని గుమ్మం గుమ్మం తిరిగే పెద్దవాళ్ళు మన దగ్గరా తక్కువేం లేరు కదా, అందుకే ఆ ఒక్క కాగితం మా వాళ్ళకు బాగా ఎక్కింది.

ఆ రాత్రి మామ కూడా ఉన్నాడు. సినిమా ఏమిటో ముందే చెప్పి, వద్దులే మామా అన్నాను కూడా, విన్లేదు. ప్లాస్టిక్ కుర్చీ ట్యాంకు పక్కకు లాక్కుని ఒక మూలగా కూర్చున్నాడు. గంటా నలభై నిమిషాలకు పైన సినిమా, లేవలేదు. అంతా అయిపోయాక, అందరూ గ్లాసులు ఏరుతుంటే, ‘ఆ పిల్లోడి కారేమైంది రా?’ అని అడిగాడు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ కారు మీదనే ఒక ఇల్లు బతకాలని కొన్నారు గదా అని ఆయన లెక్క. నేను అప్పటికి ఆ సినిమా మూడుసార్లు చూశాను, ఒక్కసారి కూడా కారు గురించి ఆలోచించలేదు.

ఈ రెంటిలో దేన్ని ఎంచుకోవాలంటే, ఇలా చూసుకోండి. ఈ విషయం కొత్త అయితే, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేగంగా చదవడం కష్టమైతే, కథలాగా లాక్కెళ్ళాలి అనుకుంటే మారిటేనియన్. ఎందుకిలా జరిగింది, పై నుంచి ఎవరు సరేనన్నారు, కింద కొట్టిన సైనికుడు ఏమంటున్నాడు అనే ప్రశ్నలు మీకు ముఖ్యమైతే ట్యాక్సీ. అందులో దిలావర్‌ను కాపలా కాసిన సైనికులే కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. చివర్లో దర్శకుడి తండ్రి ఉంటాడు, రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు ఖైదీలను ప్రశ్నించిన నౌకాదళ అధికారి ఆయన, మేం ఇలా చేయలేదు అని ఆ వయసులో కోపంగా చెప్తుంటే చూడాలి. దాచాల్సిన పని లేదు, ఇందులో అసలు ఫొటోలు ఉన్నాయి, శవపరీక్ష వివరాలు ఉన్నాయి. ఇంటర్ దాటని పిల్లలకు చూపించవద్దు. గుండె నిబ్బరం తక్కువున్నవాళ్ళు రాత్రి పూట చూడకండి.

ఈ రెంటికీ మధ్యలో పడేది ‘ది రోడ్ టు గ్వాంటనామో’, 2006. సగం డాక్యుమెంటరీ, సగం నటులతో తీసిన కథ, మైకేల్ వింటర్‌బాటమ్, మ్యాట్ వైట్‌క్రాస్ ఇద్దరూ కలిసి తీశారు, బెర్లిన్ సినిమా పండుగలో ఉత్తమ దర్శకత్వానికి వెండి ఎలుగుబంటి అవార్డు వచ్చింది. ఇంగ్లండ్‌లో టిప్టన్ అనే ఊరి కుర్రాళ్ళు పెళ్ళి కోసం పాకిస్తాన్ వెళ్ళి, అక్కణ్ణుంచి అఫ్ఘానిస్తాన్ వెళ్ళి, యుద్ధం మధ్యలో ఇరుక్కుపోయారు. ముగ్గురు గ్వాంటనామోలో రెండేళ్ళకు పైగా ఉన్నారు, 2004 మార్చిలో ఏ కేసూ లేకుండా వదిలేశారు. నాలుగో స్నేహితుడు అఫ్ఘానిస్తాన్‌లోనే కనబడకుండా పోయాడు. ఆ ముగ్గురిలో షఫీక్ రసూల్ పేరు మీదనే అమెరికా సుప్రీంకోర్టు 2004 జూన్‌లో ఇచ్చిన తీర్పు ఉంది, గ్వాంటనామో ఖైదీలు కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నన్ను ఏ కారణంతో లోపల పెట్టారో చెప్పమనే పిటిషన్, వేసుకోవచ్చని చెప్పిన తీర్పు. షఫీక్ వేషం వేసిన రిజ్ అహ్మద్‌కు అదే మొదటి సినిమా, బెర్లిన్ పండుగ నుంచి తిరిగొస్తుంటే లూటన్ విమానాశ్రయంలో పోలీసులు ఆయన్ని ఆపి ప్రశ్నించారు. గ్వాంటనామో మీద సినిమాలో నటించినందుకు ఇలా అయితే, ఇంక అక్కడి నుంచి నిజంగా వచ్చినవాళ్ళ సంగతేమిటో ఊహించుకోండి. సినిమా వేగంగా, గందరగోళంగా ఉంటుంది, కెమెరా కుదురుగా నిలవదు, కానీ ఆ కుర్రాళ్ళకూ అప్పుడు అలాగే ఉండి ఉంటుంది. కాలేజీ వయసువాళ్ళు గుంపుగా చూడటానికి ఇదే సరైంది, మా మిద్దె మీద ఎస్వీ యూనివర్సిటీ పిల్లలకు మారిటేనియన్ కంటే ఇదే పట్టింది.

లా చదువుతున్న మా అక్క కూతురుకి మాత్రం ‘ది రిపోర్ట్’ (2019) తప్ప ఇంకేదీ నచ్చలేదు. ఒక మనిషి కిటికీల్లేని గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి కాగితాలు చదవడమే కథ, ఆ మనిషిగా ఆడమ్ డ్రైవర్. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన రహస్య జైళ్ళ మీద అమెరికా సెనేట్ కమిటీ చేసిన విచారణ అది. అరవై లక్షలకు పైగా పేజీల పత్రాలు చూసి, 6,700 పేజీలకు పైగా నివేదిక రాశారు, 2014 డిసెంబర్లో సారాంశం మాత్రమే బయటపెట్టారు. లెక్కకు వచ్చిన 119 మంది ఖైదీల్లో కనీసం 26 మందిని పట్టుకోవడమే తప్పని అందులో వాళ్ళే రాసుకున్నారు. అయిదుగురిలో ఒకరికి పైనే పడుతుంది ఆ లెక్క. సినిమా నిజాయితీగా ఉంటుంది, ఊరికే ఏడిపించదు. నా లెక్కలో మాత్రం ఒక మెట్టు కిందే, ఎందుకంటే మర్నాడు పొద్దున గుర్తొచ్చేది ఆ ఉద్యోగి ముఖం, ఖైదీల ముఖాలు మెరుపులా వచ్చి పోతాయి. న్యాయశాస్త్రం, జర్నలిజం, గ్రూప్స్ చదివేవాళ్ళకు మొదట ఇదే చెప్తాను. మిగతావాళ్ళకు మూడోదో నాలుగోదో.

దీనికి ఎదురుగా ‘జీరో డార్క్ థర్టీ’ (2012) ఉంది, చాలామంది ఈ విషయం మీద సినిమా అంటే ముందు దాని పేరే చెప్తారు. బాగా తీశారు, నేను కాదనను. కానీ కొడితేనే నిజం బయటికొచ్చింది, ఆ నిజంతోనే బిన్ లాడెన్ దొరికాడు అన్న భావన మనసులో పడిపోతుంది. అది తప్పని సెనేటర్లు ఫైన్‌స్టైన్, లెవిన్, మెకెయిన్ ముగ్గురూ సినిమాను విడుదల చేసిన సోనీ పిక్చర్స్‌కు ఉత్తరం రాశారు, ఆ మెకెయిన్ వియత్నాంలో తనే యుద్ధఖైదీగా హింస పడ్డవాడు. మన దగ్గర కూడా ‘నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడు’ అనే మాట టీ కొట్టు దగ్గర రోజూ వినబడుతుంది, ఆ మాటకు బలం ఇచ్చే సినిమాను మొదట చూడమని నేను చెప్పలేను. చూడాలనే ఉంటే ‘ది రిపోర్ట్’ చూశాక చూడండి.

‘రెండిషన్’ (2007) ఓటీటీలో కనబడితే ఒకసారి చూడొచ్చు, అంతకు మించి చెప్పడానికి ఏం లేదు. పేరు పోలికతో సీఐఏ పట్టుకుపోయిన ఖాలిద్ అల్ మస్రీ అనే జర్మన్ పౌరుడి కథకు దగ్గరగా ఉంటుంది, అసలు కథ సినిమాకంటే ఎంతో బలమైనది. ఆయన్ని నెలల తర్వాత తప్పయిందని తెలుసుకుని అల్బేనియాలో ఒక కొండదారిలో దించేసి పోయారు. 2012లో ఐరోపా మానవ హక్కుల కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది.

అబూ గ్రైబ్ ఫొటోల మీద ఎరల్ మోరిస్ తీసిన ‘స్టాండర్డ్ ఆపరేటింగ్ ప్రొసీజర్’ (2008) విషయంలో నేను చాలా ఊగిసలాడాను. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన ఆ జైల్లో ఖైదీలను బట్టలిప్పి, ముసుగులేసి తీసిన ఫొటోలు 2004లో ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటోల్లో ఉన్న సైనికులు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడతారు. ఫొటో చట్రం బయట ఏముంది, ఎవరు తీయించారు అని మోరిస్ తవ్వే తీరు అద్భుతం. కానీ రెండు గంటల సినిమాలో ఆ ముసుగు కింది మనిషి మాట ఒక్కటీ వినబడదు. ఇరాక్‌లో పట్టుకున్నవాళ్ళలో నూటికి డెబ్బై నుంచి తొంభై మంది పొరపాటున దొరికినవాళ్ళేనని సైనిక ఇంటెలిజెన్స్ అధికారులు కొందరు తమతో అన్నట్టు రెడ్‌క్రాస్ 2004 నివేదికలో రాసింది. అంటే ఆ ముసుగుల కింద ఎక్కువమంది కూరగాయలు కొనడానికి సంతకు వెళ్ళినవాళ్ళో, మా మామలాగా బండి నడుపుకునేవాళ్ళో. వాళ్ళు లేని సినిమా అది. ట్యాక్సీ చూసి, ఇంకా లోతుకు వెళ్ళాలనుకునేవాళ్ళకే.

ఇక ఇంట్లోవాళ్ళతో చూసే సినిమా. ‘ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్’, 1993, జిమ్ షెరిడాన్. ఇది సైన్యాల యుద్ధం కాదు, బ్రిటన్ నుంచి విడిపోవాలని కొందరు ఆయుధాలు పట్టిన ఉత్తర ఐర్లండ్ గొడవల కాలం, కానీ ప్రభుత్వం యుద్ధంలో ఉన్నట్టే ప్రవర్తించిన కాలం. 1974 అక్టోబర్ 5న గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్ళో పబ్బుల్లో బాంబులు పేలి అయిదుగురు చనిపోయారు. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన గెర్రీ కాన్లన్ అనే పనీపాటా లేని కుర్రాణ్ణి, అతని స్నేహితుల్ని పట్టుకుని, బెదిరించి ఒప్పుకోలు రాయించుకున్నారు. కొడుకును విడిపించుకోవడానికి వచ్చిన తండ్రి జుసెప్పీని కూడా పేలుడు పదార్థాల కేసు పెట్టి లోపల వేశారు. తండ్రి 1980లో శిక్షలో ఉండగానే చనిపోయాడు. 1989లో కొడుకు నిర్దోషిగా బయటికొచ్చాడు.

దీన్ని మా అమ్మ రెండుసార్లు చూసింది. భాష అర్థం కాకపోయినా తండ్రీకొడుకుల గొడవ అర్థమైంది, ‘ఆ పిల్లోడికి నాయన విలువ జైల్లో తెలిసింది’ అంది. గెర్రీగా వేసిన డేనియల్ డే లూయిస్ నటన గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్క హెచ్చరిక: సినిమాలో తండ్రీకొడుకులు ఒకే గదిలో ఉంటారు, నిజంలో అలా ఉండలేదు. కోర్టులో లాయర్ గరెత్ పీర్స్ వాదించినట్టు చూపించారు, ఆమె సొలిసిటర్, అంటే కేసు తయారుచేసే లాయర్, అక్కడ వాదించింది వేరే బారిస్టర్లు. కథ కోసం మార్చారు, పిల్లలకు ముందే చెప్పండి. హింస ఉంది గానీ గదిలోంచి లేచి వెళ్ళిపోయేంత కాదు. 2005లో బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ ఆ కుటుంబాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అది విని మామ తలూపాడు, ఏమీ అనలేదు.

పాత యుద్ధాల సినిమాలు కావాలంటే రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఖైదీలతో వేయించిన బర్మా రైలుదారి మీద రెండున్నాయి. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ (1957) ఏడు ఆస్కార్ల సినిమా, శ్రీలంకలో తీశారు, అడవి, వంతెన, ఈల పాట అన్నీ బాగుంటాయి. కానీ జపాన్ వాళ్ళ శిబిరాల్లో ఖైదీలు నిజంగా పడ్డ బాధ ఇందులో బాగా తేలికైపోయింది. ఆ దారి వేయడంలో పన్నెండు వేలకు పైగా మిత్రపక్షాల యుద్ధఖైదీలు చచ్చిపోయారు, వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఆసియా కూలీలు చచ్చిపోయారు, మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్ళిన తమిళులు వాళ్ళలో చాలామంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణం చేస్తే తమిళ ఊళ్ళే కదా, ఆ కూలీల పూర్వీకులు ఈ చుట్టుపక్కల నుంచే ఓడెక్కి ఉండొచ్చు అనిపించి నాకు ఆ ఈల పాట ఇప్పుడు సంతోషంగా వినబడదు. ‘ది రైల్వే మ్యాన్’ (2013) మంచిది, ఎరిక్ లోమాక్స్ అనే బ్రిటిష్ సైనికుడు, తనను హింసించేటప్పుడు దుబాసీగా ఉన్న నగాసే అనే జపాన్ మనిషిని ముసలితనంలో వెతుక్కుంటూ వెళ్ళిన నిజం కథ. నెమ్మదిగా నడుస్తుంది. యుద్ధం అయిపోయిన నలభై ఏళ్ళకు కూడా రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచే మనిషిని చూడాలంటే ఇదే చూడాలి.

ఇవన్నీ తెల్లవాళ్ళ కథలు, మనకెందుకు అని మా మిద్దె మీదే ఒకాయన అన్నాడు. 1942లో అమెరికా తన దేశంలోనే ఉన్న జపాన్ మూలాల వాళ్ళను లక్షా ఇరవై వేలమందిని శిబిరాల్లో పెట్టిందంటే అవునంటాం. మన దేశం 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మూడు వేలమంది దాకా చైనా మూలాల భారతీయుల్ని రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవళీ శిబిరంలో పెట్టిందని ఎంతమందికి తెలుసు? వాళ్ళలో పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు, కొందరు ఏళ్ళ తరబడి ఉన్నారు. ఇంకొంచెం వెనక్కి వెళితే మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనిబిసెంట్‌నే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917లో, విచారణ లేకుండా ఊటీలో నిర్బంధించారు. మన వైపు పిల్లలు ఆ కాలేజీ గురించి చదివేటప్పుడు జనగణమన ఇంగ్లీషు అనువాదం సంగతే చదువుతారు, ఇది చదవరు.

మన భాషల్లో, మన మనుషులతో చూడాలనుకునేవాళ్ళకు మూడు చెప్తాను. హిందీ ‘1971’ (2007), అమృత్ సాగర్ తీశాడు, మనోజ్ బాజ్‌పేయి ఉన్నాడు, ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. యుద్ధం ముగిసి ఏళ్ళయినా పాకిస్తాన్‌లో ఉండిపోయిన మన సైనికులు తప్పించుకునే కథ. అదే యుద్ధంలో మనకు చిక్కిన తొంభై మూడు వేలమందిని ఒప్పందాలయ్యాక మనం వెనక్కి పంపాం, అది తెలిసి చూస్తే సినిమా ఇంకా మండుతుంది. ‘తండేల్’ (2025) చాలామంది చూసే ఉంటారు, శ్రీకాకుళం మత్స్యకారులు 2018లో పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళి కరాచీ జైల్లో పడ్డ సంగతి. యుద్ధకాలం కాదు, పాటలూ ప్రేమా ఎక్కువ, కానీ ఒడ్డున ఎదురుచూసే ఆడవాళ్ళ కోసం చూడండి. అమ్మమ్మతో చూడగలిగేది ఈ మొత్తంలో ఇదొక్కటే.

మూడోది తమిళ ‘విసారణై’, వెట్రిమారన్, 2015లో వెనిస్‌లో మొదట చూపించారు. ఇందులో యుద్ధం లేదు. గుంటూరులో పార్కులో పడుకునే తమిళ కూలీలను పోలీసులు పట్టుకుని, చేయని దొంగతనం ఒప్పుకోమని కొట్టడం. కోయంబత్తూరు ఆటోడ్రైవర్ ఎం. చంద్రకుమార్ తను గుంటూరులో పడింది రాసుకున్న ‘లాకప్’ నవల దీనికి ఆధారం. గ్వాంటనామోలో జరిగింది అర్థం కావాలంటే గుంటూరు స్టేషన్లో జరిగింది ముందు చూడటం మంచిదని నా గట్టి అభిప్రాయం. భాష రాని చోట దొరికిపోతే ఏమవుతుందో ఇంత దగ్గరగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. మన చిత్తూరు వైపు సగం మందికి తమిళం అర్థమవుతుంది కాబట్టి సబ్‌టైటిల్స్ గొడవ కూడా లేదు. కానీ ఇది ట్యాక్సీ అంత కఠినంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. మామకు నేనిది చూపించలేదు.

చూసేటప్పుడు ఒకటి రెండు పనులు చేయండి. ఎవరితో చూస్తున్నారో వాళ్ళలో పోలీసు దెబ్బలు, జైలు, గల్ఫ్‌లో పట్టుబడటం లాంటివి అనుభవించినవాళ్ళు ఉంటే ముందే కథ చెప్పేయండి, సస్పెన్స్ పోతుందని ఆలోచించొద్దు. మధ్యలో లేచి వెళ్ళేవాళ్ళను ఆపొద్దు. ఏది ఏ ఓటీటీలో ఉందో నెలకోసారి మారుతుంటుంది, ‘ది రిపోర్ట్’ మాత్రం అమెజాన్ వాళ్ళదే. ఇంగ్లీషు రానివాళ్ళు ఉంటే పది నిమిషాలకోసారి ఆపి తెలుగులో చెప్పేవాడు ఒకడుండాలి, మా దగ్గర ఆ పని నాది.

నాలుగు వారాలు పెట్టుకోగలిగితే నా వరస ఇది: మొదట ‘ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్’, తర్వాత ‘ది మారిటేనియన్’, తర్వాత ‘ట్యాక్సీ టు ది డార్క్ సైడ్’. నాలుగో వారం ఏమీ వేయకండి. మాట్లాడుకోవడానికి వదిలేయండి. ట్యాక్సీ చూసిన తర్వాతి ఆదివారం మేం పంచె కట్టలేదు, ఊరికే చాపలు పరుచుకుని కూర్చున్నాం. సలాహీకి కాపలా కాసిన ఒక గార్డు ఆయన విడుదలయ్యాక మారిటేనియా వెళ్ళి ఆయన్ని కలిసొచ్చాడని నేను చెప్తున్నాను. మామ మధ్యలో అందుకున్నాడు. రెండో రాత్రి ఒక కానిస్టేబుల్ టీ తెచ్చిచ్చాడట, గ్లాసు వేడిగా ఉందని చేతిగుడ్డ చుట్టి ఇచ్చాడట. కొట్టినవాళ్ళ ముఖాలు పోయినాయి గానీ ఆయన ముఖం ఒక్కటీ ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది అన్నాడు. కొట్టారని మాకు అప్పుడే తెలిసింది.